సోమశిలలో రెండు రాత్రులు: గుడారం, తెడ్డు, నీటిమట్టం

పెబ్బేరులో నాది ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ షాపు. శనివారం మా ఊరి సంత. పశువులు, గొర్రెలు, వాటి వెంట చుట్టుపక్కల మండలాల రైతులు అందరూ వస్తారు. ఆ రోజు షాపు మూస్తే వారం గిరాకీ పోయినట్టే. అందుకని నా ట్రిప్పులన్నీ ఆదివారం మధ్యాహ్నం మొదలై మంగళవారం పొద్దున ముగుస్తాయి. మొదట్లో ఇది ఇబ్బంది అనుకున్నాను. ఇప్పుడు ఇదే నయమంటాను. ఆదివారం సోమశిలకు వచ్చిన జనమంతా పొద్దుగూకేసరికి వెళ్లిపోతారు, సోమవారం పొద్దున నీళ్ల మీద మనమూ, చేపలు పట్టేవాళ్లూ తప్ప ఇంకెవరూ ఉండరు.

సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది, కొల్లాపూర్ నుంచి సుమారు పది కిలోమీటర్లు. పేరుకు కృష్ణా నది, చూడ్డానికి పెద్ద చెరువు. శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్లు ఇక్కడిదాకా పరుచుకుంటాయి. ఎదురుగా నల్లమల కొండలు. గాలి పడవ, రెండు గుడారాలు, నలుగురు మనుషులు ఉంటే ఇంతకంటే మంచి చోటు మా పాలమూరు వైపు నాకు కనపడలేదు. కోయిల్‌సాగర్ బాగుంటుంది, డిండి బాగుంటుంది, అవి ఒక పూటకు సరిపోతాయి.

అయితే ఒక మాట. ఇక్కడికి ప్లాన్ వేసేటప్పుడు అందరూ ముందు గుడారం ఎంతవుతుంది, స్టవ్ ఏది కొనాలి అని మొదలుపెడతారు. నేను ముందు చూసేది ఆ రోజు ఒడ్డు ఎక్కడ ఉందన్నది. ఇది ఊరి చెరువు కాదు, రిజర్వాయరు. దీనికి స్థిరమైన ఒడ్డు లేదు.

నాకు ఇది తెలిసింది బురదలో. మొదటిసారి డిసెంబరులో వెళ్లాం. నేను, మా ఇంటామె, పదేళ్ల కొడుకు, హైదరాబాదులో ఉండే బామ్మర్ది. రాత్రి పడవను నీటి అంచున ఒక రాయికి కట్టి పడుకున్నాం. తెల్లారి లేచి చూస్తే పడవ అక్కడే ఉంది, నీళ్లు లేవు. ఇరవై ముప్పై అడుగుల అవతలికి పోయాయి. మధ్యలో నల్లటి జిగట బురద. పడవ తెద్దామని దిగిన బామ్మర్ది మోకాళ్ల దాకా కూరుకుపోయి, "బావా, చెప్పులు పోయినయ్!" అని అరిచాడు. ఆ చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

తర్వాత ఆలోచిస్తే లెక్క తేలికే. శ్రీశైలంలో కరెంటు తయారీకి నీళ్లు వదులుతుంటే రాత్రికి రాత్రి అరడుగు మట్టం దిగవచ్చు. ఏటవాలు తక్కువగా ఉన్న ఒడ్డున అరడుగు దిగితే నీటి అంచు ఇరవై అడుగులు వెనక్కి పోతుంది. ఇక ఆ బురద దశాబ్దాలుగా కృష్ణ, తుంగభద్ర మోసుకొచ్చిన పూడిక. డ్యాం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 పడుతుంది. మిగతా చోటంతా ఈ బురదదే. మన కాళ్లు దిగేది అందులోకే.

కాబట్టి ట్రిప్పుకు వారం ముందు నుంచి పేపర్లో శ్రీశైలం మట్టం చూడండి. నిండు మట్టం 885 అడుగులు. నేను 870కి పైన ఉంటేనే బయల్దేరతాను. అంతకంటే దిగితే బురద దాటి నీళ్లు చేరడానికే పూటంతా పడుతుంది, పిల్లలుంటే మరీ కష్టం. సంఖ్య ఒక్కటే కాదు, అది ఎటు పోతోందో కూడా చూడండి. మూడు రోజులుగా మెల్లగా దిగుతుంటే మంచిది. పెరుగుతుంటే పైన ఎక్కడో గేట్లు ఎత్తారన్నమాట.

ఎగువన కృష్ణ మీద ఉన్న జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తారని వార్త వస్తే మాత్రం ఆ ట్రిప్పు రద్దు, ఇక ఆలోచన లేదు. నాకైతే ఇంకో సౌకర్యం ఉంది. హైవే మీద కృష్ణను దాటే బీచుపల్లి వంతెన మాకు దగ్గర. బండి ఆపి కిందకు చూస్తాను. నది ఎర్రగా, నురగతో, బండలన్నీ కప్పేసి పోతుంటే అక్కడే ఆంజనేయస్వామికి దండం పెట్టి ఇంటికి వస్తాను. తుంగభద్ర బీచుపల్లి దాటాక కలుస్తుంది, అందుకని తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ దగ్గర ఎంత వదులుతున్నారో కూడా చూసుకోవాలి. ఒక్క జూరాల చూసి ధైర్యం చేయొద్దు.

ఇవన్నీ లెక్కేస్తే మిగిలేది అక్టోబరు చివర నుంచి జనవరి దాకా. వరద తగ్గి, నీళ్లు తేటపడి, మట్టం ఇంకా పైనే ఉండే కాలం. కార్తీక మాసంలో సోమవారాలు వదిలేయండి, ఘాట్ల మీద కాలు పెట్టే సందు ఉండదు. శివరాత్రికీ అంతే. ఎండాకాలంలో వెళ్తే అది వేరే యాత్ర. నీళ్లు బాగా దిగితే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం దర్శనానికి పోతారు. అప్పుడు పడవ పని తక్కువ, బురద పని ఎక్కువ.

గుడారం ఎక్కడ వేయాలి

అడవిలో కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఫోటోల్లో నల్లమల చూసి అందరూ అదే అడుగుతారు. ఈ వైపు నల్లమలలో ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న పులుల అడవి. అందులో మన ఇష్టం వచ్చిన చోట గుడారం వేస్తే కేసు అవుతుంది, కాకపోతే ఇంకోటి అవుతుంది. అడవి చూడాలనుకుంటే మన్ననూరులో అటవీ శాఖ వాళ్ల సఫారీ ఉంది, ముందే బుక్ చేసుకుని ఇంకో రోజు పెట్టుకోండి. శ్రీశైలం రోడ్డు మీద అడవి గేట్లు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, అది చూసుకుని బయల్దేరండి. సోమశిల నుంచి అవతలి ఒడ్డు దగ్గరే కనిపిస్తుంది, పది నిమిషాల్లో పోయేటట్టు. అది ఆంధ్ర వైపు, అక్కడా రిజర్వు అడవులే. అవతల దిగి చాయ్ కాచుకుందామనే ఆలోచన పెట్టుకోవద్దు.

మేం చేసేది ఇది. ఊళ్లో అడిగి, ఒడ్డుకు దగ్గర్లో ఎవరి చెల్కలోనైనా, పంట లేని చోట గుడారం వేసుకుంటాం. రైతుకు ఎంతో కొంత ఇస్తాం. తీసుకోనంటే షాపు నుంచి తెచ్చిన గ్రీజు డబ్బా ఒకటి ఇచ్చేస్తాను, దాన్ని ఎవరూ కాదనరు. చెప్పకుండా మాత్రం వేయొద్దు. చీకట్లో పొలంలో లైటు కనిపిస్తే ఊరికి టెన్షన్, మనకూ టెన్షన్. గుడారం వద్దనుకునే వాళ్లకు టూరిజం వాళ్ల కాటేజీలు ఉన్నాయి. పసిపిల్లలుంటే అవే మేలు.

నేల చూసి వేయండి. ఎర్ర చెల్క అయితే మేకులు సరిగ్గా పడతాయి, వాన వచ్చినా నీళ్లు ఇంకిపోతాయి. నల్ల రేగడి ఎండినప్పుడు రాయిలా ఉంటుంది, నాలుగు చినుకులు పడితే మేకు దానంతటదే లేచి వస్తుంది. కారు కూడా అంతే. రేగడిలోకి దించిన కారును వాన పడ్డాక నేను రెండుసార్లు ట్రాక్టర్‌తో లాగించాను, ఒకసారి నాది, ఒకసారి ఎవరిదో. కారు తారు రోడ్డు మీదే వదిలి సామాను మోసుకుపోండి. రెండు వందల అడుగులు నడిస్తే ఏం కాదు.

ఎత్తు సంగతి మర్చిపోవద్దు. నీటి అంచు నుంచి దూరం ఎంత అని చూడొద్దు, పైకి ఎంత ఎత్తులో ఉన్నామన్నది చూడండి. పోయిన వరదకు కొట్టుకొచ్చిన పుల్లలు, ప్లాస్టిక్ ఒక గీతలా మిగిలి ఉంటాయి. ఆ గీతకు పైన వేయండి. పడవను కూడా పనైపోగానే నీళ్లలో వదలకుండా ఇద్దరు పట్టుకుని గుడారం దాకా తెచ్చుకోండి.

పడవ, తెడ్డు, జాకెట్

మా పడవ ఇద్దరు కూర్చునే గాలి పడవ. హైదరాబాదులో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్ తొమ్మిది వేలకు తీసుకున్నాను. గట్టి ప్లాస్టిక్ కయాక్ అయితే ఇంకా బాగా పోతుంది, దాన్ని కారు మీద కట్టుకుని తేవాలంటే క్యారియర్ కావాలి. గాలి పడవకు ఉన్న గండం ముల్లు. ఇక్కడ ఒడ్డున సర్కారు తుమ్మ ముళ్లు, నీళ్ల కింద ఇంకొన్ని. 1981 ప్రాంతంలో ఈ డ్యాం నిండినప్పుడు దాదాపు వంద ఊళ్లు మునిగాయి. ఒడ్డు దగ్గర లోతు తక్కువ ఉన్న చోట పాత గోడలు, కంచె రాళ్లు, చెట్ల మొద్దులు ఇప్పటికీ ఉన్నాయి. మట్టం దిగేకొద్దీ అవి పడవ అడుగుకు దగ్గరవుతాయి. లోతు తెలియని చోట తెడ్డుతో పొడిచి చూస్తూ పోవాలి. పంక్చర్ కిట్ తప్పనిసరి. ట్రాక్టర్ ట్యూబు ప్యాచ్ పనికొస్తుందని నేను అనుకున్నాను, పనికిరాలేదు. ఆ గమ్ము రబ్బరుకే పట్టింది, ఈ ప్లాస్టిక్‌కు పట్టలేదు. పడవతో వచ్చిన ప్యాచ్, ఆ గమ్మే వాడండి.

లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ నీళ్లలోకి దిగొద్దు, ఈత వచ్చినా సరే. వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వస్తే అది మీ సైజు కాదు. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి బెల్టు ఉండేది కొనండి. 2007 జనవరిలో ఇక్కడికి దగ్గర్లోనే మంచాలకట్ట వద్ద పడవ మునిగి పదుల సంఖ్యలో జనం పోయారు. ఈ వైపు పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది. మేం జాకెట్లు వేసుకుంటుంటే నవ్విన ముసలాయన ఒక్కరూ నాకు ఇప్పటిదాకా కనపడలేదు.

మొదటిసారి అయితే ముందు మీ ఊరి చెరువులో రెండు పూటలు తిప్పి చూడండి. తిరగడం, ఆపడం, పడవ తిరగబడితే మళ్లీ ఎక్కడం రావాలి. ఈ మూడోది ఎవరూ ప్రాక్టీసు చేయరు. నడుము లోతు నీళ్లలో కావాలని పడేసుకుని ఎక్కి చూడండి. మా ఇంటామెకు రెండో ప్రయత్నంలోనే వచ్చింది, నాకు ఆరోసారి వచ్చింది.

పడవ లేకపోతే పుట్టి అడగవచ్చు. వెదురు అల్లి, అడుగున పట్టా కప్పి చేసేవి, ఇప్పుడు ఫైబరువి కూడా వచ్చాయి. తోలేవాళ్లతో సహా గంటకు ఇంతని ముందే మాట్లాడుకోండి. పుట్టిని మీరే తోలతానంటే సరదాకు ఇస్తారు. తెడ్డును ముందు వైపు వేసి నీళ్లు తన వైపుకు లాగాలి, లేకపోతే ఉన్న చోటే గింగిరాలు తిరుగుతుంది. మా బామ్మర్ది పావుగంట తిరిగి తిరిగి బయల్దేరిన చోటుకే వచ్చి, ఎక్కువ దూరం పోలేదు కాబట్టి డబ్బు తగ్గించమన్నాడు.

నీళ్ల మీద ఒక పొద్దు

సోమవారం ఐదున్నరకు లేవండి. చాయ్ తాగి, వెలుగు బాగా వచ్చాక ఆరున్నర ఏడు మధ్య దిగండి. చలికాలంలో పదింటి దాకా నీళ్లు అద్దంలా ఉంటాయి. ఆ తర్వాత గాలి లేస్తుంది. ఈ నీళ్లు వెడల్పు కాబట్టి చిన్న గాలికే అల పుడుతుంది, ఎదురుగాలిలో గంట తోసినా ఒడ్డున చెట్టు ఉన్న చోటే కనిపిస్తుంది. నేను ఒకసారి పదకొండు దాటినా ఇంకాసేపు అని ఉండిపోయాను. తిరిగి రావడానికి రెండు గంటలు పట్టింది, అరచేతులు బొబ్బలెక్కాయి. ఒడ్డున వల చిక్కులు తీస్తున్న పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి, "సేటూ, గాలి నీ షాపు కాదు, నువ్వు దించమంటే షట్టర్ దించనీకి" అన్నాడు. ఇప్పుడు తొమ్మిదిన్నరకే వెనక్కి తిరుగుతాను.

కొత్తవాళ్లు గంటకు మూడు కిలోమీటర్ల కంటే ఎక్కువ లెక్క పెట్టుకోవద్దు. గాలి ఎటు నుంచి ఉంటే ముందు అటే పోండి, వచ్చేటప్పుడు అది తోస్తుంది. ఒడ్డు వెంబడే, మనిషి అరిస్తే వినపడేంత దూరంలో పోవాలి. నడిమధ్యకు పోయి చూసేది ఏమీ లేదు. చూడాల్సినవన్నీ ఒడ్డునే ఉంటాయి. నీటికాకులు మొద్దుల మీద రెక్కలు ఆరబెట్టుకుంటాయి, కొంగలు నిలబడి ఉంటాయి.

వలలు గమనించండి. నీళ్ల మీద వరుసగా థర్మాకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో తేలుతుంటే కింద వల ఉన్నట్టు. దాన్ని దాటకండి, చుట్టి పోండి. పొరపాటున తెగితే వాళ్లను వెతికి పట్టుకుని డబ్బు కట్టండి, అది వాళ్ల రోజు కూలి. మొసళ్ల గురించి అందరూ అడుగుతారు. కృష్ణలో మొసళ్లు ఉన్నాయి. ఏ మలుపులో కనిపిస్తున్నాయో జాలర్లకు తెలుసు, దిగే ముందు అడగండి. పొద్దుగూకాక నీటి అంచున గిన్నెలు తోమడం, పిల్లల్ని కాళ్లు కడుక్కోమనడం చేయొద్దు. ఇంకో చోటు, కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు వైపు ఎత్తిపోతల పంపుహౌస్‌లకు నీళ్లు లాగే కాలువలు ఉన్నాయి. వాటి ఛాయలకు కూడా పడవతో పోవద్దు. పంపు ఎప్పుడు ఆన్ చేస్తారో మనకు చెప్పరు.

ఫోనుకు రెండు కవర్లు వేయండి, జాకెట్‌కు ఒక విజిల్ కట్టండి. ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక టైము చెప్పండి. నేను మా తమ్ముడికి చెప్పేది ఇంతే, "పదకొండుకు నా ఫోన్ రాకపోతే కొల్లాపూర్ పోలీసులకు చెయ్యి." ఒకసారి మర్చిపోయి పన్నెండుకు చేస్తే వాడు అప్పటికే బండి స్టార్ట్ చేశాడు.

తిండి

ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పల్లిపొడి, పండుమిరప తొక్కు తెచ్చుకుంటే రెండు రోజులు స్టవ్ వెలిగించకపోయినా గడుస్తుంది. సజ్జరొట్టె ఇంకా ఆగుతుంది. వెలిగించేది చాయ్‌కు, చేపలకు. పొద్దున జాలర్లు ఒడ్డుకు వచ్చేటప్పుడే అడిగితే రవ్వ, బొచ్చె దొరుకుతాయి, అదృష్టముంటే కొర్రమీను. అక్కడే కోయించుకుని కడిగించుకోండి. వేలెడంత పిల్ల చేపలు అమ్మితే కొనొద్దు. అలివి వలలతో ఊడ్చి పట్టినవి అవి, ఆ వలలు నిషేధం. చింతపండు ఇంట్లోనే నానబెట్టి రసం తీసి సీసాలో తెచ్చుకుంటే పులుసు అరగంట పని. చిన్న గ్యాస్ స్టవ్ వాడండి. కట్టెల మంట వేస్తే నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడుతుంది, అది మన పొలం కూడా కాదు.

తాగే నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. మేం నలుగురం, ఇరవై లీటర్ల క్యాన్లు రెండు తీసుకుపోతాం, వంటకు కూడా అవే. కృష్ణ నీళ్లు ఎంత తేటగా కనిపించినా నేరుగా తాగొద్దు. పాత పాలమూరులో చాలా ఊళ్ల మిషన్ భగీరథ నల్లాలకు పోయేవి ఈ నీళ్లే, కానీ అవి శుద్ధి అయ్యాక పోతాయి. ఇదే కారణానికి దొడ్డికి పోయేటప్పుడు నీటికి రెండు వందల అడుగుల దూరం పోయి, చిన్న పారతో గుంత తీసి పూడ్చండి. సబ్బు నీళ్లు కూడా అంత దూరంలోనే పారబోయండి.

రాత్రి చలి ఉంటుంది, నీటి పక్కన ఇంకా ఎక్కువ. గుడారం లోపల మంచు చెమటలా కారుతుంది, కాబట్టి కిటికీ జిప్పు కొంచెం తెరిచే పెట్టండి. కింద పరుపు కంటే ముందు ఒక మందపాటి పట్టా. బూట్లు లోపల పెట్టుకోండి, పొద్దున వేసుకునే ముందు దులపండి. టార్చి లేకుండా రాత్రి అడుగు బయట పెట్టొద్దు, రక్తపింజర ఎండుగడ్డి రంగులోనే ఉంటుంది. కాటేస్తే కట్టు బిగించడం, కోయడం చేయకుండా ఆ కాలు కదలనీయకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా ఆసుపత్రికి.

సోమవారం మధ్యాహ్నం గాలి ఉన్నంతసేపు ఖాళీయే. మేం సోమేశ్వరుడి గుడికి పోతాం. ముంపులో పోవాల్సిన గుడిని పైకి తెచ్చి మళ్లీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిదీ ఇదే కథ. ఓపిక ఉంటే అదీ చూడవచ్చు, లేకపోతే చెట్టు కింద నిద్ర.

మంగళవారం వచ్చేటప్పుడు పడవను తడిగా మడవకండి. మడతల్లో బురద ఉంటే వారానికి వాసన, నెలకు బూజు. మంచినీళ్లతో కడిగి, సగం గాలి ఉంచి, నీడలో రెండు రోజులు ఆరబెట్టాలి. మాది షాపు డాబా మీద తాడుకు వేలాడుతుంది. కొన్నిసార్లు శనివారం దాకా అక్కడే ఉంటుంది. అప్పుడు సంతకొచ్చిన రైతు ఎవరో ఒకరు పైకి చూసి అడుగుతారు, "ఏం ట్యూబు సేటూ అది, ఏ బండిది?"